రంగప్రవేశానికి ఇల్లంతా ఎలా సిద్ధం కావాలి: ఏడాది ముందు నుంచి మర్నాటి దాకా

కూచిపూడి రంగప్రవేశంలో, అంటే నాట్యం నేర్చుకున్న పిల్ల చేసే తొలి పూర్తి ప్రదర్శనలో, గంటన్నర నుంచి రెండు గంటల దాకా పిల్ల ఒక్కతే వేదిక మీద ఉంటుంది. ఆ సమయంలో ఏం జరగాలన్నది గురువు, పిల్ల చూసుకుంటారు. దానికి ముందూ వెనకా ఉన్న పనులన్నీ ఇంటివాళ్ళవి: హాలు, డబ్బు, తిండి, బట్టలు, బంధువులు, చివరికి దీపం కింద పెట్టే పళ్ళెం కూడా. నాట్యం జోలికి ఇంటివాళ్ళు రాకూడదు, పనుల జోలికి పిల్ల రాకూడదు. ఈ హద్దు ఎంత స్పష్టంగా పెట్టుకుంటే పిల్ల అంత నిశ్చింతగా ఆడుతుంది.

మా అక్క కూతురి రంగప్రవేశం విజయనగరంలో జరిగింది. ఆ తర్వాత శ్రీకాకుళంలో తెలిసినవాళ్ళ పిల్లల కార్యక్రమాలకు వేదిక వెనక పనులు చూశాను. అక్కడ పనికొచ్చినవే ఇక్కడ రాస్తున్నాను. భరతనాట్యం వాళ్ళకు అలరిప్పు, వర్ణం అంటూ అంశాలు మారతాయి కానీ ఇంటి ఏర్పాట్లు దాదాపు ఇవే.

మొదటి అడుగు: గురువు నోటి నుంచి రావాలి

"మా పాపకి ఎప్పుడు చేయిస్తారు మేడమ్?" అని నెలకోసారి అడిగే తల్లిదండ్రులు చాలామంది ఉంటారు. దయచేసి అడగకండి. పక్కింటి అమ్మాయికి అయిపోయిందనో, అమెరికా నుంచి పెద్దనాన్నగారు వస్తున్నారనో చేసే రంగప్రవేశం పిల్ల ఒంటి మీదా, మనసు మీదా భారమై కూర్చుంటుంది. చాలామంది గురువులు ఏడెనిమిదేళ్ళ శిక్షణ అయ్యాకే ఈ మాట ఎత్తుతారు. పిల్ల సిద్ధంగా ఉందో లేదో మీకు తెలియాలంటే ఒక గుర్తు ఉంది. క్లాసులో మూడు అంశాలు వరసగా చేశాక కూడా అరమండి (మోకాళ్ళు పక్కలకు మడిచి సగం కూర్చున్న భంగిమ) పైకి లేవకుండా, ముఖంలో భావం చెదరకుండా ఉంటే ఇంక తొందర్లోనే కబురు వస్తుంది.

గురువుగారు సరే అన్న రోజున, ఒక నోట్‌బుక్ పట్టుకుని తల్లిదండ్రులిద్దరూ వెళ్ళి కూర్చోండి. ఎన్ని అంశాలు, లైవ్ ఆర్కెస్ట్రా ఉంటుందా, వాళ్ళను ఎవరు మాట్లాడతారు, డ్రెస్సులు ఎన్ని, ముఖ్య అతిథిని ఎవరు నిర్ణయిస్తారు, గురుదక్షిణ ఎలా, అదనపు క్లాసులకు విడిగా ఇవ్వాలా, అన్నీ మొహమాటం లేకుండా అడిగి రాసుకోండి. మన వైపు గురువుతో డబ్బు మాట ఎత్తడం తప్పనుకుంటాం. ముందే ఎత్తకపోతే చివరి వారంలో అదే మనస్పర్థ అవుతుంది. మర్యాదగా, "అమ్మా, మాకు తెలీదు, మీరే చెప్పండి" అంటే వాళ్ళే విడమర్చి చెబుతారు.

రెండో అడుగు: తేదీ

కనీసం పది నెలలు, కుదిరితే ఏడాది వ్యవధి పెట్టుకోండి. టెన్త్, ఇంటర్ రెండో ఏడు అసలు వద్దు. తొమ్మిదో తరగతి గానీ, ఇంటర్ అయ్యాక గానీ నయం.

మన రెండు జిల్లాల్లో అక్టోబరు, నవంబరు తుఫాన్ల కాలం. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబరులోనే వచ్చాయి. కరెంటు లేక, దారులు మూసుకుపోయి రోజుల తరబడి పడ్డ అవస్థ మనకు గుర్తే. పైగా విజయనగరంలో దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ వారం ఊళ్ళో లాడ్జి గది దొరకదు, కారు కదలదు. శ్రీకాకుళంలో అయితే అరసవల్లి రథసప్తమి రోజులు చూసుకోవాలి. డిసెంబరు రెండో సగం చల్లగా హాయిగా ఉంటుంది కానీ చెన్నైలో మార్గశిర సంగీతోత్సవాలు నడుస్తుంటాయి, పేరున్న పక్కవాద్యం వాళ్ళు దొరకడం కష్టం. ఏప్రిల్, మే నెలల్లో మన ఉక్కపోతకి పట్టు డ్రెస్సులో ఏసీ లేని హాల్లో ఆడించడం పిల్లను శిక్షించడమే. నా మటుకు సంక్రాంతి అయ్యాక జనవరి చివరి వారం నుంచి ఫిబ్రవరి దాకా, రథసప్తమి తప్పించి, అన్నిటికంటే అనువైన కాలం. పిల్లకి ఫైనల్ పరీక్షలు ఉంటే ఆగస్టు.

అమ్మాయి నెలసరి లెక్క కూడా తేదీ పెట్టేముందు తల్లి చూసుకోవాలి. సరిగ్గా లెక్కకు రాకపోవచ్చు. వస్తే ఏం చేయాలో, గజ్జెపూజ విషయంలో ఇంటి పద్ధతి ఏమిటో, పిల్లతో, గురువుతో ముందే మాట్లాడుకోండి. ఆ రోజు గ్రీన్‌రూములో పెద్దవాళ్ళు గుసగుసలాడుకుంటే పిల్ల కుంగిపోతుంది.

మూడో అడుగు: అంశాల వరుస

ఇది పూర్తిగా గురువు నిర్ణయం. అయినా మీకు అవగాహన ఉండాలి. మామూలుగా ప్రార్థన లేదా పూర్వరంగంతో మొదలై, స్వరాలకు అడుగులు వేసే జతిస్వరం, కథను చెప్పే ఒక శబ్దం (దశావతార శబ్దమో, మండూక శబ్దమో), సత్యభామ కథైన భామాకలాపంలో ఆమె ప్రవేశ దరువు (పాత్ర తనను తాను పరిచయం చేసుకునే పాట), అన్నమయ్య కీర్తనో క్షేత్రయ్య పదమో, నారాయణ తీర్థుల తరంగం, చివర తిల్లానా, మంగళం వస్తాయి. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి కాళ్ళతో తాళం వేస్తారు. అందరూ ఎదురుచూసేది దీని కోసమే.

ఆరేడు అంశాలు చాలు. తొమ్మిది, పది పెట్టించి "మా పాప మూడు గంటలు ఆడింది" అని చెప్పుకోవాలనే ఆశ పెద్దవాళ్ళకే ఉంటుంది. ఏడు దాటాక కాళ్ళు బరువెక్కుతాయి, అభినయం తేలిపోతుంది. చూసేవాళ్ళు గుర్తుపెట్టుకునేది ఆ చివరి అరగంటే. అభినయమే ముఖ్యమైన పదం, జావళి లాంటివి ఒళ్ళు విశ్రాంతి తీసుకునే చోట్లలో రావడం మంచిదని గురువులకు తెలుసు, మనం వరుస మార్చమని అడగకూడదు. తాతగారికి ఇష్టమైన కీర్తన ఏదైనా ఉంటే మాత్రం మొదటి రోజే ఒక్కసారి చెప్పి చూడండి. కుదిరితే పెడతారు, కుదరకపోతే ఇంక ఎత్తవద్దు.

నాలుగో అడుగు: ఒళ్ళు

చాలా ఇళ్ళల్లో అశ్రద్ధ జరిగేది ఇక్కడే. సాధన రోజుకి గంట ఉన్నది రెండు, రెండున్నర గంటలు అవుతుంది. కొట్టే ప్రతి అడుగూ మోకాళ్ళలోకీ, పిక్కల ముందు ఎముకలోకీ వెళ్తుంది. ఇంట్లో నేల గ్రానైటు, మార్బులు, డాబా మీద సిమెంటు. ఒక పెద్ద మందపాటి ప్లైవుడ్ షీటు కొని, కింద రబ్బరు మ్యాట్ పరిచి, దాని మీద సాధన చేయించండి. మెత్తటి దుప్పటి, యోగా మ్యాటు మీద వద్దు, మడమ నిలవదు, అడుగు శబ్దం తెలియదు. ఇంత చిన్న ఖర్చుతో నెలల తరబడి కాళ్ళ నొప్పులు తప్పుతాయి. కింద పోర్షన్‌లో ఉన్నవాళ్ళకి మీరే ఒకసారి వెళ్ళి, "ఫలానా నెల దాకా సాయంత్రాలు చప్పుడు ఉంటుందండీ" అని చెప్పి రండి. చెప్పి చేస్తే ఎవరూ ఏమీ అనరు, కార్యక్రమానికి ముందు వరసలో వచ్చి కూర్చునేది కూడా వాళ్ళే.

నొప్పిని రెండు రకాలుగా చూడాలి. సాధన అయ్యాక తొడల్లో, పిక్కల్లో తీపరం సహజం, రెండు రోజుల్లో పోతుంది. అడుగు వేసినప్పుడల్లా ఒకేచోట పొడిచినట్టు ఉంటే, పొద్దున్న మంచం దిగగానే మడమ మోపలేకపోతే, వెంటనే ఆపి ఎముకల డాక్టరుకి చూపించాలి. బామ్ రాసి పంపించడం కుదరదు. ఒకసారి గ్రహపాటున ఎముకలో సన్నని పగులు వచ్చిందంటే వారాల తరబడి విశ్రాంతి తప్పదు. ఎదిగే ఆడపిల్లల్లో రక్తహీనత కూడా ఎక్కువ. ఆయాసం, కళ్ళు తిరగడం ఉంటే నాట్యం వల్లేలే అనుకోకుండా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి.

తిండి సంగతి అమ్మమ్మలకు వదిలెయ్యచ్చు. పొద్దున్న చోడి (రాగి) అంబలి మజ్జిగతో, సాధనకి గంటన్నర ముందు ఇడ్లీ గానీ అరటిపండు గానీ, సాధన అయ్యాక పప్పు, గుడ్డు, పల్లీల చిక్కీ. గుడ్డు తినని ఇళ్ళల్లో పెసలు, పనీరు. నూనె వస్తువులు, బయటి బిర్యానీ చివరి రెండు నెలలు తగ్గించండి. సన్నబడాలని తిండి మాన్పించే పని మాత్రం ఎవరూ చేయకండి. "డ్రెస్సులో కాస్త లావుగా కనిపిస్తావేమో" అన్న మేనత్త మాట ఒక్కటి చాలు, పిల్ల రాత్రి అన్నం మానేస్తుంది. ఇంట్లో ఆ మాట రాకుండా చూసుకోండి.

మా అక్క వాళ్ళింట్లో పిల్ల నాన్నమ్మ రోజూ రాత్రి నువ్వుల నూనె వెచ్చచేసి మనవరాలి పాదాలకి రాసేది. రాస్తూ రాస్తూ, "గుంట (పిల్ల) కాళ్ళు సూడండి ఎలా వాసిపోనాయో, ఒక్కరోజు మానిపిస్తే ఏటైపోద్ది?" అనేది. ఆవిడ మాటే నిజమైంది. వారానికి ఒక పూర్తి రోజు విశ్రాంతి ఇవ్వమని గురువుగారు కూడా తర్వాత అదే చెప్పారు.

ఐదో అడుగు: వాచికం

కూచిపూడిలో నర్తకి నోరు కూడా పనిచేయాలి. భామాకలాపంలో సత్యభామ మాట్లాడుతుంది, దరువుకి పెదవి కలుపుతుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలకి ఇక్కడ సమస్య వస్తుంది. "కళ"ని "కల" అంటారు, "వేణి"ని "వేని" అంటారు, ఒత్తులు మింగేస్తారు. వెనక గాయని సరిగ్గా పాడుతున్నా ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి పెదవుల్లో తప్పు కనిపిస్తుంది.

ఇంట్లో తాతగారికి ఇవ్వగల మంచి పని ఇదే. మన ఉత్తరాంధ్రలో పౌరాణిక నాటకాలు చూస్తూ, పద్యాలు వల్లిస్తూ పెరిగిన తరం వాళ్ళది, చెవి చాలా గట్టిది. రోజూ భోజనానికి ముందు పావుగంట, అన్ని సాహిత్యాలనూ తాళం లేకుండా పుస్తకం చదివినట్టు పైకి చదివించమనండి. ళ, ణ, శ, ష దగ్గర ఆపి మళ్ళీ చెప్పించమనండి. ప్రతి పాదానికీ అర్థం పిల్ల తన మాటల్లో చెప్పగలగాలి. అర్థం తెలియకుండా పట్టిన ముద్ర కళ్ళలోకి రాదు. భావం ఎలా చూపించాలో మాత్రం తాతగారు చెప్పకూడదు, అది గురువు పరిధి.

ఆరో అడుగు: ఆర్కెస్ట్రా

రికార్డింగ్ పెట్టుకుని చేసినా తప్పు లేదు. డబ్బు లేక పిల్ల చదువు మీద అప్పు చేసే పరిస్థితి ఉంటే రికార్డింగే మేలు. కానీ ఖర్చు పెట్టగల శక్తి కొంచెమైనా ఉంటే, భోజనాల్లో తగ్గించి లైవ్ ఆర్కెస్ట్రాకే పెట్టండి. పిల్ల ఒక తీర్మానంలో (అడుగుల వరుస ముగింపులో) అర అక్షరం వెనకపడితే నట్టువాంగం చేస్తున్న, అంటే తాళాలు వేస్తూ జతులు చెబుతున్న గురువు సర్దుతారు, మృదంగం ఆమె కాలిని పట్టుకుని నడుస్తుంది. రికార్డింగ్ ఆగదు, వినదు.

మనకి ఈ విషయంలో అదృష్టం ఉంది. విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల 1919 నుంచి నడుస్తోంది. గజ్జె కట్టి ఒంటరిగా సభని గంటలకొద్దీ కూర్చోబెట్టిన హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రిన్సిపాల్, ఆయన తర్వాత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు. అక్కడ చదువుకున్న గాయకులు, మృదంగం, వయొలిన్ కళాకారులు ఈ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఉన్నారు. అందరూ నాట్యానికి వాయించరు, నాట్యానికి వాయించే అలవాటు వేరు. గురువుకి తెలిసినవాళ్ళనే పెట్టుకోండి, చుట్టాల్లో వయొలిన్ వచ్చిన అబ్బాయి ఉన్నాడని మొహమాటపెట్టకండి.

గాత్రం, నట్టువాంగం, మృదంగం, వయొలిన్, వేణువు ఉంటే నిండుగా ఉంటుంది. విశాఖ, విజయవాడల నుంచి వస్తే రానూపోనూ టికెట్లు, బస, రిహార్సల్ రోజుల పారితోషికం అన్నీ మొదటే తేల్చుకోవాలి. శ్రీకాకుళం వచ్చేవాళ్ళకి "శ్రీకాకుళం రోడ్డు" స్టేషన్ ఆమదాలవలసలో ఉందనీ, ఊళ్ళోకి రావడానికి ఇంకా పది కిలోమీటర్ల పైనే ఉందనీ చెప్పి, కారు పంపండి. మృదంగం, తంబూరా పట్టుకుని కళాకారులు ఆటోల కోసం నిలబడే పరిస్థితి రానివ్వకండి. ఇంట్లో బాబాయి ఒకరు కేవలం ఈ పని మీదే ఉండాలి: స్టేషన్ నుంచి గదికి, గది నుంచి రిహార్సల్‌కి, వేడి నీళ్ళు, టిఫిను, కాఫీ.

ఆర్కెస్ట్రాతో కనీసం రెండు పూర్తి రిహార్సల్స్ ఉండాలి. ఒకటి క్లాసులో, ఒకటి అసలు వేదిక మీద. ముఖ్యంగా చూసుకోవలసింది కాలప్రమాణం. ఏ అంశం ఏ వేగంలో ఎత్తుకోవాలో గురువు, గాయని, మృదంగం ముగ్గురికీ ఒకే అంచనా కుదరాలి. వేదిక మీద ఉత్సాహంలో వేగం పెరిగిపోవడం మామూలే.

ఏడో అడుగు: వేదిక

విజయనగరంలో ఆనంద గజపతి ఆడిటోరియం, గురజాడ కళాభారతి, శ్రీకాకుళంలో బాపూజీ కళామందిర్ లాంటివి ఇలాంటి సభలకు అందరికీ తెలిసినవే. గుడి ప్రాంగణంలో చేయాలనుకుంటే దేవస్థానం ఈఓ గారికి ముందుగా అర్జీ ఇవ్వాలి. ఆరుబయట రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్లకు అనుమతి లేదని గుర్తుంచుకోండి.

హాలు చూడటానికి కుర్చీల లెక్క కోసం వెళ్తారు అందరూ. మీరు చెప్పులు విప్పి వేదిక అంతా ఒకసారి నడవండి. పైకి లేచిన మేకు తల, పలకల మధ్య సందు, అతుకు ఊడిన కార్పెట్ ఎక్కడున్నాయో పాదానికి తెలుస్తుంది. గ్రీన్‌రూములో అద్దం, ఫ్యాన్, ప్లగ్ పాయింటు, నీళ్ళు వచ్చే బాత్రూం ఉన్నాయా చూడండి. జనరేటర్ ఉందని చెబితే నమ్మడంతో సరిపెట్టకుండా, ఒకసారి వేయించి చూడండి.

తరంగం పళ్ళెం కూడా ఆ రోజే పట్టుకెళ్ళాలి. పళ్ళెం అంచుని కాలివేళ్ళతో బిగించి పట్టుకుని, బరువు ఒక మడమ నుంచి ఇంకో మడమకు మారుస్తూ నర్తకి ముందుకూ పక్కకూ కదులుతుంది. కార్పెట్ మీద అదే పళ్ళెం పట్టేసుకుంటుంది, నున్నటి టైలు మీద జారిపోతుంది. చెక్క వేదిక మీద మధ్యస్థంగా నడుస్తుంది. క్లాసులో సిమెంటు గచ్చు మీద నేర్చుకున్న పిల్ల ఒంటి తూకం ఇక్కడ మారాలి. ఆ తేడా అలవాటు కావడానికి ఆ వేదిక మీద ఒక గంట పళ్ళెంతో సాధన చేయించాలి. వేదిక కార్పెట్ తీసేయడానికి కుదురుతుందా అని హాలు వాళ్ళను అప్పుడే అడగండి.

లైట్లు తెల్లగా, కాస్త పసుపు ఛాయలో, నిలకడగా ఉండాలి. పెళ్ళి స్టేజీల్లో లాగా ఎరుపు, ఊదా తిరిగే లైట్లు, పొగ మిషన్ వద్దని లైటింగ్ అబ్బాయికి గట్టిగా చెప్పండి. ముఖంలో భావం కనబడకపోతే అభినయం ఏముంది? స్పీకర్లలో ఒకటి తప్పనిసరిగా వేదిక వైపు తిప్పి ఉండాలి. ఆడేవాళ్ళకి నట్టువాంగం వినిపించకపోతే ఎంత సాధనా అక్కరకు రాదు.

ఎనిమిదో అడుగు: ఆహార్యం, పళ్ళెం, గజ్జెలు

నాట్యం డ్రెస్సులు కుట్టే టైలరు వేరు, బ్లౌజులు కుట్టేవాళ్ళ చేత కుట్టించకండి. మూడు నెలల ముందే పట్టుచీర ఇచ్చేయాలి. రెండు డ్రెస్సులు చాలు. మొదటి సగానికి ఒకటి, తరంగం, తిల్లానాలకి ఇంకొకటి. తయారయ్యాక ఇంట్లో వేయించి, పూర్తి అరమండిలో కూర్చోబెట్టండి, ఎగరమనండి, నేల మీద మోకాలు ఆనించి లేవమనండి. కుచ్చుల విసనకర్ర పూర్తిగా విచ్చుకోవాలి, ఎక్కడా పట్టెయ్యకూడదు. కనీసం రెండు రిహార్సల్స్ ఆ డ్రెస్సులోనే జరగాలి. పట్టు కొత్తది కావడంతో చంక దగ్గర ఒరుసుకుంటుంది, ముందే తెలిస్తే లోపల మెత్తటి గుడ్డ కుట్టించవచ్చు.

నగలు కెంపుల సెట్టు, పాపిటబిళ్ళ, సూర్యచంద్రులు, వంకీలు, వడ్డాణం, జడకుప్పెలు. కొనక్కర్లేదు, అద్దెకో, తోటి విద్యార్థినుల దగ్గరో దొరుకుతాయి. అసలు బంగారం పెట్టాలని అమ్మమ్మ పట్టుబడితే, ఒక్క ఉంగరమో ముక్కుపుడకో పెట్టి ఆవిడ మనసు నిలపండి. వేదిక మీద గొలుసు తెగితే పిల్ల చూపు దాని మీదే ఉంటుంది. జడ సవరంతో బరువెక్కుతుంది, మెడ నొప్పి రాకుండా చివరి నెల సాధన ఆ జడతోనే చేయించాలి.

పళ్ళెం విషయంలో మన జిల్లాకి పేరుంది. శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి, కంచు పనికి ప్రసిద్ధి, అక్కడి కళాకారులను అడిగి చూడండి. అంచు గుండ్రంగా మడిచి, వేళ్ళు పట్టేంత ఎత్తుగా, పిల్ల బరువుకి వంగనంత మందంగా ఉండాలి. అంచు పదునుగా ఉంటే పాదం కోసుకుంటుంది. కొలత గురువు చేత చెప్పించుకుని, పిల్ల పాదం అట్ట మీద గీసుకుని వెళ్ళండి.

మగపిల్లాడి రంగప్రవేశమైతే, "వీడికి గజ్జెలేమిటి?" అనే బంధువు ఒకరు తప్పకుండా ఉంటారు. కూచిపూడి తరతరాలుగా మగవాళ్ళు ఆడిన కళ, సత్యభామ వేషానికి దేశమంతా పేరు తెచ్చుకున్న వేదాంతం సత్యనారాయణ శర్మ గారు మగవారే. ఆ మాట తండ్రి అందరి ముందూ చెప్పాలి. అబ్బాయికి అది కొండంత బలం.

తొమ్మిదో అడుగు: డబ్బు, పనుల పంపకం

ఖర్చంతా ఆర్కెస్ట్రా, హాలు, డ్రెస్సులు నగలు, మేకప్, ఫొటో వీడియో, భోజనాలు, సన్మానాలు అనే ఏడు పద్దుల్లో వస్తుంది. పెళ్ళి స్థాయికి పెంచేది ఎప్పుడూ చివరి మూడే. వచ్చినవాళ్ళకి పులిహోర, ఒక స్వీటు, కాఫీ పెడితే గౌరవంగానే ఉంటుంది. అతిథులకూ కళాకారులకూ ఇవ్వడానికి ప్లాస్టిక్ షీల్డుల బదులు పొందూరు ఖాదీ ఉత్తరీయం, బొబ్బిలిలో చేసే చిన్న వీణ బొమ్మ ఎంత బావుంటాయో! ఇక్కడి చేతిపనివాళ్ళకే నాలుగు రూపాయలు దక్కుతాయి.

పనులు మనుషులకు ఇవ్వండి, పేర్లతో. హాలు, కరెంటు, అనుమతులు తండ్రివి. గ్రీన్‌రూము తల్లిది కాకుండా పిన్నిది అయితే మంచిది, తల్లి కంగారు పిల్లకి అంటుకుంటుంది. అతిథులు పెద్దనాన్నకి, కళాకారులు బాబాయికి, పిల్లల గోల మేనమామకి. పిల్ల ఫోను చివరి వారమంతా అక్కయ్య దగ్గర ఉండాలి. ఏ పని ఎవరిదో ఒక కాగితం మీద రాసి, ఫ్రిజ్ మీద అతికించండి. ఎవరికి ఏ సందేహం వచ్చినా పిల్లని అడక్కూడదు.

ఆహ్వానంలో సాయంత్రం 5.30 అని వేస్తే 5.30కే దీపం వెలగాలి. రాజాం, పాలకొండ, సాలూరు నుంచి వచ్చే చుట్టాలు తిరిగి బస్సు అందుకోవాలి. ఎనిమిదిన్నరకు మంగళం పాడేస్తే అందరూ చివరి దాకా కూర్చుంటారు. ఉపన్యాసాలు డ్రెస్సు మార్చుకునే సమయంలో పెట్టండి, పదిహేను నిమిషాలు దాటనివ్వద్దు. వక్తలకి ముందే ఆ మాట చెప్పడంలో అమర్యాద ఏమీ లేదు.

పదో అడుగు: చివరి నెల

గజ్జెపూజ గురువు చెప్పిన రోజున, గుడిలో గానీ క్లాసులో గానీ చేసుకుంటారు. ఆ తర్వాత కొత్త అడుగు, కొత్త సంచారి (ఒక భావాన్ని విస్తరించి చూపే అభినయం) ఏదీ చేర్చరు.

మరిచిపోతానేమో అనే టెన్షన్ ప్రతి పిల్లకీ ఉంటుంది. దీనికి ఇంట్లో ఒక సాధన ఉంది. రికార్డింగ్ పెట్టి, మధ్యలో ఎక్కడో ఆపి, మళ్ళీ ఇంకెక్కడి నుంచో మొదలుపెట్టండి. పిల్ల రెండు అడుగుల్లో అందుకోవాలి. మొదట్లో తడబడుతుంది, వారం తిరిగేసరికి ఎక్కడి నుంచైనా అందుకుంటుంది. వేదిక మీద మరిచిపోయినా ముఖం మారకుండా తాళంలో నిలబడితే చాలు, గురువు జతి చెప్పి లాక్కొస్తారని పిల్లకి ముందే నమ్మకం కలగాలి.

రిహార్సల్ వీడియోలు గ్రూపుల్లో పెట్టకండి. పెట్టగానే సలహాలు వస్తాయి, ఆ సలహాల్లో ఒక్కటైనా పిల్ల చెవిన పడుతుంది. చివరి మూడు రోజులు సాధన సగానికి తగ్గాలి, నిద్ర పెరగాలి. అతిథులు ఆ మూడు రోజులూ ఇంట్లో దిగకుండా లాడ్జిలోనో, పక్కవీధి చుట్టాలింట్లోనో దిగితే పిల్లకి గది మిగులుతుంది. చుట్టాలు ఏమనుకుంటారో అని ఆలోచించకండి, ప్రేమ ఉన్నవాళ్ళు అర్థం చేసుకుంటారు.

పదకొండో అడుగు: ఆ రోజు

మధ్యాహ్నం పన్నెండుకి పప్పన్నం, పెరుగు. మేకప్‌కి, జడకి మూడు గంటలు పడుతుంది కాబట్టి రెండింటికి కూర్చోవాలి. మేకప్‌లో ఉండగా స్ట్రాతో కొబ్బరినీళ్ళు, నాలుగింటికి ఒక అరటిపండు. పారాణి ఆరడానికి సమయం ఇవ్వండి. గ్రీన్‌రూము పెట్టెలో పిన్నీసులు, సూది దారం, అదనపు గజ్జెల పట్టీ, బొట్టుబిళ్ళలు, టేపు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, నొప్పి స్ప్రే, తుడుచుకోవడానికి పాత నూలు పంచె ముక్కలు ఉండాలి. గదిలో పిన్ని, మేకప్ వాళ్ళు తప్ప ఎవరూ ఉండకూడదు. ఆశీర్వదిస్తామని వచ్చే పెద్దలను కార్యక్రమం అయ్యాక రమ్మనండి, ముందు వస్తే ఫొటోలంటారు, బొట్టు చెరుగుతుంది.

వేదిక మీద రెండు ప్రమాదాలుంటాయి, రెండూ పూజ దగ్గరే పుడతాయి. దీపం నుంచి నూనె చుక్క నేల మీద పడితే పిల్ల పాదం అక్కడే జారుతుంది. కుందె కింద వెడల్పాటి పళ్ళెం పెట్టి, దీపాన్ని నాట్యం చేసే జాగాకి బాగా పక్కన ఉంచండి. పుష్పాంజలి అయ్యాక రాలిన పూరేకులు తడిసి నాచులా జారుతాయి. ప్రార్థన అయిన వెంటనే ఒకరు వెళ్ళి మెత్తటి గుడ్డతో తుడిచి రావాలి. ఎవరు వెళ్ళాలో ముందే చెప్పి ఉంచండి. కొబ్బరికాయ వేదిక మీద కొట్టకండి, కింద కొట్టి చిప్పలు పైకి తెండి.

ఫొటోగ్రాఫరుకి ఫ్లాష్ ఆపమని, పళ్ళెం మీద ఉండగా అటూ ఇటూ నడవవద్దని చెప్పండి. ప్రతి అంశం అయ్యాక పక్కతెర దగ్గర పిన్ని రెండు గుక్కల నీళ్ళు, గుడ్డ అందించాలి. అప్పుడు "బాగా చేశావు" కూడా అనకూడదు, తర్వాతి అంశం పేరు ఒక్కటే చెప్పాలి. పిల్ల మనసు అప్పటికే అందులోకి వెళ్ళి ఉంటుంది.

మంగళం తర్వాత మొదట గురువుకి నమస్కారం, తర్వాత కళాకారులకి, ఆ తర్వాతే ఇంటివాళ్ళు. సన్మానాలు త్వరగా ముగించి పిల్లని కూర్చోబెట్టండి, డ్రెస్సు వదులు చేసి ఏదైనా తినిపించండి.

మర్నాడు

పిల్లకి రెండు మూడు రోజులు పూర్తి విశ్రాంతి, స్కూలుకి కూడా సెలవు పెట్టండి. పట్టు డ్రెస్సులు తిరగేసి నీడలో గాలికి ఆరవేయాలి, ఎండలో వేస్తే రంగు వెలుస్తుంది, చెమటతో మడిచి పెడితే జరీ నల్లబడుతుంది. గజ్జెల పట్టీల తోలు పొడిగుడ్డతో తుడిచి ఆరబెట్టండి. పళ్ళెం చింతపండుతో తోమి ఆరాకే కట్టి పెట్టండి. అద్దె నగలు లెక్కపెట్టి అదే రోజు తిరిగి ఇచ్చేయండి, ఒక జడకుప్పె తక్కువైతే ఆ రోజే హాల్లో దొరుకుతుంది, వారం తర్వాత దొరకదు.

కళాకారులకి ఇవ్వవలసింది వాళ్ళు ఊరు దాటకముందే పూర్తిగా ఇచ్చేయాలి. వీడియో రాగానే ఒక కాపీ గురువుకి, ఒక్కో కాపీ గాత్రం, మృదంగం, వయొలిన్, వేణువు వాళ్ళకి పంపండి. వాళ్ళ పేర్లు వీడియో మొదట్లో స్పష్టంగా తెలుగులో పడ్డాయో లేదో ముందే చూసుకుని, అక్షరదోషం ఉంటే ఎడిటర్ చేత సరిచేయించాకే పంపండి.